కొట్టొచ్చు అన్న లిస్టులో చివరికి మిగిలింది పిల్లలే

ఈరోజు టాపిక్‌లోకి వెళ్లే ముందు రెండు సంవత్సరాలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. ఒకటి 1955. రెండోది 2010.

1955లో మన పార్లమెంటు ఒక చిన్న చట్టం చేసింది. అబాలిషన్ ఆఫ్ విప్పింగ్ యాక్ట్, అంటే కొరడా దెబ్బల శిక్షను రద్దు చేసే చట్టం. అంతకుముందు దొంగతనం లాంటి కొన్ని నేరాలకు కోర్టు దెబ్బల శిక్ష వేయగలిగేది. ఆ చట్టంతో ఆ అధికారం పోయింది. దొంగ అని సాక్ష్యాలతో సహా రుజువైనా సరే, జైల్లో పెట్టొచ్చు, జరిమానా వేయొచ్చు. ఒంటి మీద దెబ్బ మాత్రం వేయకూడదు.

ఇక 2010. ఆ ఏడాది ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. బడిలో పిల్లల్ని శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు అని అందులోని 17వ సెక్షన్ చెప్పింది.

ఇప్పుడు లెక్క వేయండి. నేరం రుజువైన దొంగ వీపుకి దొరికిన రక్షణ, ఎక్కం తప్పు చెప్పిన మూడో తరగతి పిల్లాడి అరచేతికి దొరకడానికి ఇంకో 55 ఏళ్లు పట్టింది.

ఎందుకు ఇంత ఆలస్యం? ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న గురించే. తల్లిదండ్రులకు క్లాస్ పీకే వీడియో కాదు ఇది. ‘అమ్మ చెప్పు విసిరితే తిరుగులేదు’ టైపు రీల్స్ చూసి మీరూ నవ్వారు, నేనూ నవ్వాను. అందులో అంత నవ్వొచ్చేది ఏముందో తెలియాలంటే కాస్త చరిత్ర తవ్వాలి.

పాత లిస్టు

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఒక లిస్టు ఉంది. తప్పు చేస్తే ఎవరెవర్ని కొట్టొచ్చు అనే లిస్టు. భార్య, కొడుకు, దాసుడు, పనివాడు, తోడబుట్టిన తమ్ముడు. దేంతో కొట్టాలో కూడా ఉంది: తాడుతో, లేదా చీల్చిన వెదురు బద్దతో. ఎక్కడ కొట్టాలో కూడా ఉంది: వీపు మీద. తల మీద కొట్టకూడదు. ఈ హద్దు దాటినవాడికి దొంగకు అంటే పాపమే అంటుతుందని కూడా చెప్పింది. ఇంకో అధ్యాయంలో కొడుకుతో పాటు శిష్యుడినీ చేర్చింది.

అంతకంటే పాతవని చెప్పే గౌతమ ధర్మసూత్రాలు ఇంకాస్త మెత్తగా ఉన్నాయి. శిష్యుడిని మామూలుగా కొట్టకూడదు. తప్పనిసరి అయితే సన్నటి తాడుతోనో, సన్నటి బద్దతోనో కొట్టాలి. వేరే దేంతోనైనా కొడితే, రాజు గురువుకి శిక్ష వేయాలి. అవును, గురువుకే. అంటే ‘గురువు కొడితే అడిగేవాడు ఉండడు’ అనేది మన సంప్రదాయం అని ఎవరైనా అంటే, ఆ సంప్రదాయంలోనే దానికి వ్యతిరేకమైన మాట ఉంది.

ఈ లిస్టు మన దగ్గరే ఉంది అనుకోకండి. ఇంగ్లాండులో బ్లాక్‌స్టోన్ అనే న్యాయ పండితుడు 1765 నుంచి 1769 మధ్య ఇంగ్లిష్ చట్టాల మీద నాలుగు సంపుటాల పుస్తకం వేశాడు. అందులోనూ దాదాపు ఇదే లిస్టు. తండ్రి బిడ్డను ‘మితంగా’ దండించొచ్చు. తండ్రి ఆ అధికారాన్ని టీచర్‌కి అప్పగించొచ్చు. యజమాని తన దగ్గర పని నేర్చుకునే కుర్రాడిని దండించొచ్చు. పాత చట్టం ప్రకారం భర్త భార్యను దండించొచ్చు, కాకపోతే ఆ హక్కు మీద ఈమధ్య అనుమానాలు వస్తున్నాయి అని కూడా రాశాడు.

సముద్రాలకి అటు ఒకటి, ఇటు ఒకటి. పేర్లు మాత్రం అవే. భార్య, పనివాడు, దాసుడు, శిష్యుడు, బిడ్డ. వీళ్లందరిలో కామన్ పాయింట్ తప్పు చేయడం కాదు. ఇంటి పెద్ద కింద బతకడం. ఇది ఒక్కటి పట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

చట్టాలు రాసినవాళ్లు ఒకలా ఆలోచిస్తే, మన అమ్మమ్మలు చెప్పిన కథలు ఇంకోలా ఉన్నాయి. భాగవతంలో యశోద వెన్న దొంగని పట్టుకోవడానికి కర్ర పట్టుకుని వెంటపడుతుంది. క్యాలెండర్ బొమ్మల్లో మనం చూసేది అక్కడిదాకానే. తర్వాత ఏం జరుగుతుందో తెలుసా? దొరికిన పిల్లాడి కళ్లల్లో భయం చూసి ఆమె కర్ర పక్కన పడేస్తుంది. ఆ తర్వాతే రోటికి కట్టేయడం. ఇక అదే భాగవతంలో చెప్పిన మాట వినలేదని కన్నకొడుకుని ఏనుగులతో తొక్కించి, కొండల మీద నుంచి తోయించిన తండ్రి ఎవరు? హిరణ్యకశిపుడు. ఆ కథలో విలన్ ఆయనే. అన్ని శిక్షలు వేసినా ప్రహ్లాదుడు మారింది లేదు.

1823, బళ్లారి

సరే, పుస్తకాలు పక్కన పెడదాం. అసలు మన బళ్లల్లో ఏం జరిగేది?

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, తన ప్రెసిడెన్సీలో ఎన్ని బళ్లు ఉన్నాయి, వాటిలో ఏం చెప్తున్నారు అని జిల్లాల కలెక్టర్లందరినీ రిపోర్టు అడిగాడు. 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ పంపిన రిపోర్టు వాటిలో బాగా పేరున్నది. అప్పటి బళ్లారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసిన దత్త మండలాల జిల్లా. తెలుగు బళ్లు, కన్నడ బళ్లు రెండూ ఉన్నాయి. మొత్తం 533 బళ్లు, 6,641 మంది పిల్లలు అని లెక్క ఇచ్చాడు.

ఆ రిపోర్టులో ఆయన ఒక ఉదయాన్ని వర్ణించాడు. పొద్దున్నే బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో గౌరవంగా ‘సరస్వతి’ అని రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా పెడతారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఐదోవాడికి మూడు. అలా పెరుగుతూ పోతుంది. ముప్పయ్యోవాడి సంగతి మీరే ఊహించుకోండి.

బద్ధకించిన పిల్లాడికి బెత్తం దెబ్బలు పడతాయి. లేదంటే రెండు చేతులూ కట్టి, కప్పీతో ఇంటికప్పుకి వేలాడదీస్తారు. లేదంటే ఆపకుండా కూర్చుని లేవమంటారు. కలెక్టర్ గారు ఆ చివరిది ఆరోగ్యానికి మంచిదేమో అని కూడా ఒక మాట కలిపాడు.

మీ తాతగారినో ముత్తాతగారినో అడగండి, ఈ రెండింటికీ పేర్లు చెప్తారు. చేతులకి తాడు కట్టి దూలానికి వేలాడదీయడం కోదండం. కూర్చుని లేవడం గుంజీలు. కోదండం ఆగిపోయింది. గుంజీలు మాత్రం మీ నాకాలం దాకా వచ్చాయి. వాటితో పాటు గోడకుర్చీ, తొడపాశం, మొట్టికాయ, చింతబరికె, చెవి మెలిపెట్టడం. ఒక్కో శిక్షకి ఒక్కో పేరు పెట్టుకున్నామంటే, అది ఎంత రోజువారీ పని అయ్యుంటుందో చూడండి.

అందుకే ‘బ్రిటిష్‌వాడే మనకి బెత్తం నేర్పాడు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. మన వీధిబళ్లల్లో అప్పటికే ఉంది. బ్రిటిష్‌వాడు చేసింది వేరే పని. దానికి చట్టం గొడుగు పట్టాడు.

1860: ఒక హత్య, ఒక చట్టం

1860 ఏప్రిల్. ఇంగ్లాండులో ఈస్ట్‌బర్న్ అనే ఊరు. థామస్ హాప్లీ అనే టీచర్ దగ్గర ఒక 15 ఏళ్ల పిల్లాడు ఉండి చదువుకునేవాడు. చదువు ఎక్కట్లేదు. హాప్లీ దాన్ని మొండితనం అనుకున్నాడు. పిల్లాడి తండ్రికి ఉత్తరం రాసి, గట్టిగా కొట్టడానికి అనుమతి అడిగాడు. తండ్రి ఒప్పుకున్నాడు. ఒక రాత్రి తాడుతో, కర్రతో గంటల తరబడి కొట్టాడు. తెల్లారేసరికి పిల్లాడు చనిపోయి ఉన్నాడు.

కేసు కోర్టుకి వచ్చింది. హాప్లీకి నాలుగేళ్ల కఠిన శిక్ష పడింది. కానీ ఆ తీర్పులో చీఫ్ జస్టిస్ కాక్‌బర్న్ చెప్పిన సూత్రమే చరిత్రలో నిలిచింది. తండ్రి గానీ, తండ్రి తరఫున టీచర్ గానీ, పిల్లల్లోని చెడుని సరిదిద్దడానికి కొట్టొచ్చు. కాకపోతే అది మితంగా, సబబుగా ఉండాలి. అంటే పిల్లాడు చచ్చిపోయిన కేసు నుంచి బయటకి వచ్చిన రూల్ ‘కొట్టకూడదు’ అని కాదు. ‘చూసుకుని కొట్టండి’ అని.

అదే 1860 అక్టోబర్‌లో ఇండియన్ పీనల్ కోడ్ ఆమోదం పొందింది. దాని 89వ సెక్షన్ ఏం చెప్తుందంటే, 12 ఏళ్ల లోపు పిల్లల మేలు కోసం, సదుద్దేశంతో, సంరక్షకుడు చేసినా, సంరక్షకుడి అనుమతితో ఇంకొకరు చేసినా, దానివల్ల హాని కలిగినంత మాత్రాన అది నేరం కాదు. చావు, తీవ్ర గాయం లాంటి వాటికి మినహాయింపులు ఉన్నాయనుకోండి. ఈ సెక్షన్‌లో కొట్టడం అనే మాటే లేదు. పిల్లలకి ఆపరేషన్ చేయించడం లాంటివి కూడా దీని కిందకే వస్తాయి. కానీ కొట్టిన తల్లిదండ్రులు, టీచర్లు తలదాచుకున్న గొడుగు కూడా ఇదే.

ఉర్దూలో ఒక మాట ఉంది: తోలు మీది, ఎముకలు మావి. పిల్లాడిని బడిలో వదిలేటప్పుడు తండ్రి మాస్టారుకి చెప్పే మాట. తెలుగులో అయితే ‘మీరేమైనా చేయండి సార్, మావాడు దారికి రావాలి’. ఈస్ట్‌బర్న్ తండ్రి రాసిన ఉత్తరం కూడా అదే కదా.

1864లో ఇక్కడ విప్పింగ్ యాక్ట్ వచ్చింది. పెద్ద నేరస్తుల్ని ఎలా కొట్టాలో చెప్పాక, పిల్ల నేరస్తుల దగ్గరికి వచ్చేసరికి సన్నటి బెత్తంతో, బడిలో శిక్షించే పద్ధతిలో కొట్టాలి అంది. బడిని చూసి జైలు నేర్చుకుందన్నమాట.

ఒక్కొక్కరే బయటపడ్డారు

ఇక ఇక్కడి నుంచి లిస్టు చిన్నదవుతూ వస్తుంది. స్పీడ్‌గా చూద్దాం.

సైనికులు: 1835లో గవర్నర్ జనరల్ బెంటింక్ సిపాయిలకి కొరడా దెబ్బలు రద్దు చేశాడు. 1845లో మళ్లీ తెచ్చారు. బ్రిటిష్ సైన్యంలో 1881లో రద్దయింది.

బానిసలు: బ్రిటిష్ వలసల్లో 1833 చట్టంతో బానిసత్వమే రద్దయింది.

భార్యలు: 1891లో ఇంగ్లాండు కోర్టు ఒక కేసులో, భార్యను నిర్బంధించే హక్కు గానీ కొట్టే హక్కు గానీ భర్తకి లేదని తేల్చింది. మన దేశంలో 1983లో 498-ఏ సెక్షన్ వచ్చింది. గృహహింస చట్టం 2005లో వచ్చింది.

నేరస్తులు: మనం మొదట్లోనే చెప్పుకున్నాం, 1955.

వీళ్లంతా ఎలా బయటపడ్డారు? ఎవరో జాలిపడి ఒక్కసారిగా తీసేయలేదు. తిరగబడ్డారు, అర్జీలు పెట్టారు, సంఘాలు కట్టారు, ఓటు తెచ్చుకున్నారు. వాళ్ల తరఫున పత్రికల్లో రాసేవాళ్లు, కోర్టుల్లో వాదించేవాళ్లు వచ్చారు. నోరున్నవాడు లిస్టులోంచి తన పేరు కొట్టేయించుకున్నాడు.

మరి పిల్లలు ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. 1911 సెప్టెంబర్‌లో వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్లో ఒక పిల్లాడిని శిక్షించారని మిగతా పిల్లలు బడి నుంచి బయటకి నడిచారు. అది చూసి బ్రిటన్ అంతటా 60కి పైగా ఊళ్లలో బడి పిల్లలు సమ్మె చేశారు. ఊరేగింపులు, ప్లకార్డులు, అన్నీ. బెత్తం రద్దు చేయాలి అనేది వాళ్ల ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. కొద్ది రోజుల్లోనే సమ్మె చల్లారిపోయింది. తిరిగొచ్చిన చాలామందికి ఏం దొరికిందంటారా? అదే బెత్తంతో దెబ్బలు.

బ్రిటన్ ప్రభుత్వ బళ్లలో బెత్తం పోవాలని పార్లమెంటు నిర్ణయించింది 1986లో. అంటే 75 ఏళ్ల తర్వాత. ఓట్లు ఎన్నో తెలుసా? రద్దుకి అనుకూలంగా 231, వ్యతిరేకంగా 230. ఒక్క ఓటు తేడా.

1979: స్వీడన్, మన చలం

పిల్లల పేరు లిస్టులోంచి పూర్తిగా, అంటే ఇంట్లో కూడా కొట్టేసిన మొదటి దేశం స్వీడన్. కానీ ఒక్కరోజులో జరిగింది కాదు. 1958లో ప్రాథమిక బళ్లలో ఆపారు. 1966లో తల్లిదండ్రులకి చట్టంలో ఉన్న దండించే హక్కుని తీసేశారు. 1979 మార్చిలో ఇంట్లో కూడా కొట్టకూడదు అనే చట్టం పార్లమెంటులో 259 – 6 ఓట్లతో పాసైంది. జులై 1 నుంచి అమలు.

ఈ మధ్యలో, 1978లో, పిప్పీ లాంగ్‌స్టాకింగ్ సృష్టించిన పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్‌కి జర్మనీలో ఒక పెద్ద శాంతి బహుమతి ఇచ్చారు. ఆమె రాసుకున్న ప్రసంగం ముందే చూసిన నిర్వాహకులు, చదవకుండా బహుమతి తీసుకుని వెళ్లండి అని సూచించారు. అలా అయితే రాను అంది. చివరికి చదివింది. అందులో ఒక తల్లి కథ చెప్పింది. ఆ తల్లి కొడుకుని కొట్టడానికి బెత్తం కోసుకురమ్మని పంపిస్తుంది. పిల్లాడు చాలాసేపటికి ఏడుస్తూ వస్తాడు. బెత్తం దొరకలేదమ్మా, ఇదిగో రాయి, దీంతో కొట్టు అంటాడు. అమ్మకి కావాల్సింది నన్ను నొప్పించడమే అయితే రాయైనా పనికొస్తుంది కదా అని ఆ పిల్లాడి లెక్క. తల్లి ఆ రాయిని జీవితాంతం వంటింట్లో కళ్ల ముందు పెట్టుకుంది.

స్వీడన్ చట్టంలో నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, అందులో దానికంటూ విడిగా శిక్షే లేదు. చెంపదెబ్బ కొట్టిన తల్లిని జైల్లో వేయడం దాని ఉద్దేశం కాదు. బదులుగా పిల్లలున్న ఇళ్లకి ఒక చిన్న పుస్తకం పంపారు. పాల డబ్బాల మీద ఈ విషయం ప్రింట్ చేశారు, పొద్దున్నే టిఫిన్ దగ్గర అమ్మానాన్నా పిల్లలూ కలిసి చదువుకునేలా. 1965లో అక్కడి జనంలో 53 శాతం పిల్లల్ని కొట్టడాన్ని సమర్థించారు. 1990ల మధ్యకి అది 11 శాతానికి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ మార్పు చట్టానికి ముందే మొదలైంది. చట్టం దానికి ముద్ర వేసింది.

అదే 1979లో, ఆ చట్టం అమల్లోకి రావడానికి రెండు నెలల ముందు, అరుణాచలంలో మన చలం కన్నుమూశాడు. చలం అంటే మీకు ‘మైదానం’ గుర్తొస్తుంది, స్త్రీ స్వేచ్ఛ గుర్తొస్తుంది. కానీ ఆయన ఉద్యోగరీత్యా బళ్ల ఇన్‌స్పెక్టర్‌గా కూడా పనిచేశాడు. ‘బిడ్డల శిక్షణ’ అని పెంపకం మీద ఒక పుస్తకం రాశాడు. పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కాదు, కొట్టి భయపెట్టి పెంచడం పెంపకం కాదు అనేది దాని సారాంశం. ఇక్కడ మన లిస్టు గుర్తు తెచ్చుకోండి. భార్య భర్త ఆస్తి కాదు అన్న మనిషే, బిడ్డ కూడా కాదు అన్నాడు. ఆయనకి ఆ రెండూ వేరువేరు సమస్యల్లా కనిపించలేదు. మొదటి మాటకి తెలుగునాట ఎంత గొడవ జరిగిందో తెలుసు. రెండో మాటని అసలు ఎవరూ పట్టించుకోలేదు.

చట్టం వచ్చింది, బెత్తం పోయిందా?

2000 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు, అక్కడి బళ్లలో బెత్తాన్ని అనుమతించే రూల్‌ని కొట్టేసింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యా నిబంధనల్ని మార్చి బళ్లలో దెబ్బల్ని నిషేధించింది. అంటే 2010 దాకా ఆగకుండా మన రాష్ట్రం ఎనిమిదేళ్లు ముందే చేసింది.

మరి క్లాసురూంలో ఏం మారింది? ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే యంగ్ లైవ్స్ అనే అధ్యయనం ఉంది. 2002 నుంచి నాలుగు దేశాల్లో పిల్లల్ని ఏళ్ల తరబడి ఫాలో అవుతోంది. ఇండియా నుంచి తీసుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లల్నే. 2009 ప్రాంతంలో, ఎనిమిదేళ్ల వయసున్న ఆ పిల్లల్ని గత వారంలో టీచర్ మిమ్మల్ని కొట్టారా అని అడిగారు. 78 శాతం మంది అవును అన్నారు. గత సంవత్సరంలో కాదు, గత వారంలో. జీవో వచ్చి అప్పటికి ఏడేళ్లు.

2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో, 12 వేలకి పైగా పిల్లలతో చేసిన సర్వేలో కూడా, బడికెళ్లే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు దెబ్బలు తింటున్నామని చెప్పారు. అదే ఏడాది జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏర్పడింది. దాని మొదటి చైర్‌పర్సన్ మన నెల్లూరు ఆడపడుచు శాంతా సిన్హా. వెట్టిచాకిరిలో ఉన్న పిల్లల్ని బడికి తీసుకొచ్చిన పనికి 2003లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. పొలం పనిలోంచి, ఇటుక బట్టీలోంచి పిల్లాడిని తప్పించి ఎంతో కష్టపడి బడి గడప ఎక్కిస్తారు. అక్కడ రెండో రోజే గోడకుర్చీ వేయిస్తే, మూడో రోజు ఆ పిల్లాడు వస్తాడా? అందుకే ఆ కమిషన్ బడిలో దెబ్బల మీద అంత గట్టిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

టీచర్ల వైపు కూడా చూడాలి. ఒకే గదిలో రెండు మూడు క్లాసులు, ఒకే మాస్టారు, బీఎడ్‌లో చెప్పిన పాఠానికీ ఎదురుగా ఉన్న 60 మందికీ పొంతన లేదు. అలాంటి చోట బెత్తం అన్నిటికంటే చౌకైన పనిముట్టు. బెత్తం తీసేసి చేతిలో ఇంకేమీ పెట్టకపోతే, అది వేరే రూపంలో తిరిగొస్తుంది. లండన్‌లో 1800ల మొదట్లో జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన బెత్తం వద్దన్నాడు. మంచిదే. కానీ దాని బదులు అల్లరి పిల్లాడి మెడకి కట్టెదుంగ కట్టాడు, బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకి వేలాడదీశాడు. నొప్పి పోయి అవమానం వచ్చింది. ఫీజు కట్టలేదని క్లాసు బయట నిలబెట్టడం, మార్కులు పైకి చదివి అందరి ముందూ పరువు తీయడం కూడా ఆ బుట్ట లాంటివే. 17వ సెక్షన్‌లో ‘మానసిక వేధింపు’ అనే మాట ఉంది ఇందుకే.

ఇక ఇల్లు. 2024 జులై 1న పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 89వ సెక్షన్ ఏమైంది? 27వ సెక్షన్ అయింది. దాదాపు మాటకి మాట అదే. నేను కొన్నేళ్లు కోడ్ రాసి బతికినవాడిని కాబట్టి నాకు ఇది బాగా తెలిసిన సీన్. సిస్టమ్ మొత్తం కొత్తగా రాస్తున్నాం అంటారు, పాత ఫంక్షన్ పేరు మార్చి కాపీ పేస్ట్ చేస్తారు. అది ఎందుకు రాశారో ఎవరూ అడగరు. మన పక్కనే ఉన్న నేపాల్ 2018లో ఇంట్లో కూడా నిషేధించింది. దక్షిణాసియాలో అదే మొదటిది. ఇప్పుడు ప్రపంచంలో 60కి పైగా దేశాలు ఈ దారిలో ఉన్నాయి.

‘మేమూ తిన్నాం, బాగానే ఉన్నాం కదా’

ఈ మాట అనకుండా ఈ చర్చ పూర్తికాదు. దీన్ని నేను తీసిపారేయను. నిజంగానే చాలామంది బాగానే ఉన్నారు. కానీ దెబ్బల వల్ల బాగున్నారా, దెబ్బలు తిన్నా బాగున్నారా? ఆ పక్కనే మనల్ని ప్రేమించిన నానమ్మ, నవ్వించిన స్నేహితులు, ఓపిగ్గా చెప్పిన ఒక్క టీచర్, వీళ్లంతా ఉన్నారు. క్రెడిట్ మొత్తం చింతబరికెకి ఎందుకు ఇవ్వాలి?

2016లో గెర్షాఫ్, గ్రోగన్ కేలర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 75 అధ్యయనాలు, లక్షా 60 వేల మంది పిల్లల డేటా కలిపి చూశారు. గాయమయ్యేంత దెబ్బలు కాదు, మామూలుగా పిర్ర మీద వేసే దెబ్బల గురించే. మాట వినడం పెరిగినట్టు కనిపించలేదు. కోపం, దూకుడు, దిగులు, అమ్మానాన్నలతో దూరం, వీటితో మాత్రం సంబంధం కనిపించింది. దీన్ని ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. అల్లరి చేసే పిల్లలకే ఎక్కువ దెబ్బలు పడతాయి కదా, ఏది కారణం ఏది ఫలితం అని లార్జెలీర్ లాంటివాళ్లు అడుగుతారు. సబబైన ప్రశ్నే. కానీ గమనించండి, కొడితే లాభం ఉందని గట్టిగా చూపించిన లెక్క మాత్రం ఆ వైపు నుంచి కూడా రాలేదు.

మరి కొట్టకుండా ఎలా? దీనికి జవాబు వెతకడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒక లాయర్ ఉండేవాడు. కొడుకు పుట్టాక పిల్లల చదువు గురించి ఆలోచన మొదలై, లాయర్ పని వదిలేసి, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. ఆయన రాసిన ‘దివాస్వప్న’లో ఒక టీచర్ నాలుగో తరగతి పిల్లలతో ఏడాది గడుపుతాడు. మొదటి రోజే పిల్లల్ని నిశ్శబ్దంగా ఉంచుదామని ఒక ఆట మొదలుపెడితే క్లాసంతా గోలగోల అయిపోతుంది. తల పట్టుకుని ఇంటికి పోతాడు. రెండో రోజు వచ్చి కథ మొదలుపెడతాడు. గోల చేసిన పిల్లలే కిక్కురుమనకుండా వింటారు. క్రమశిక్షణ అంటే నోరు మూయించడం కాదు, వినాలి అనిపించేలా చేయడం అని ఆయన చూపించింది అదీ.

అవును, కథ చెప్పడానికి టైం పడుతుంది. దెబ్బ వేయడానికి ఒక్క సెకను చాలు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చినవాళ్ల చేతికి ముందు దొరికేది ఆ ఒక్క సెకనే. అందుకే ఇది మంచివాళ్లు, చెడ్డవాళ్లు అనే గొడవ కాదు. మన దగ్గర టైం ఎంత ఉంది, మనకి ఎవరు ఎలా నేర్పారు అనే గొడవ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. దొంగకి 1955లో దొరికింది పిల్లాడికి 2010 దాకా ఎందుకు దొరకలేదు? దొంగ మనకి పరాయివాడు, రాజ్యానికి ఎదురుగా నిలబడే పౌరుడు. అతనికి హక్కులు ఉంటాయని ఒప్పుకోవడం తేలిక. పిల్లాడు మనవాడు. మనవాడు కాబట్టే మన ఇష్టం అనుకున్నాం. ఒకప్పుడు భార్య గురించి కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు.

లిస్టులో మిగతా అందరూ కొట్లాడి బయటపడ్డారు. పిల్లలకి ఓటు లేదు, యూనియన్ లేదు. లనెల్లీ పిల్లల్లా సమ్మె చేసినా సాయంత్రం మళ్లీ ఆ ఇంటికే రావాలి. వాళ్ల పేరు వాళ్లు కొట్టేయించుకోలేరు. పెద్దవాళ్లే కొట్టేయాలి. ఈ వీడియో చూస్తున్న మీలో చాలామందికి ఇంకా పెళ్లి కాలేదు. ఇంకో ఐదారేళ్లలో మీ ఇంట్లో ఒక బుజ్జి మనిషి గోడ మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీస్తుంటే మీరే అక్కడికి వెళ్తారు. అప్పుడు మీ చెయ్యి లేవొచ్చు. యశోద చెయ్యి కూడా లేచింది. ఆ తర్వాత ఆమె ఆ పిల్లాడి కళ్లల్లోకి చూసింది.

ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో పెద్దవాళ్లతో కూడా కలిసి చూడండి. వాళ్ల బడిలో శిక్షలు ఎలా ఉండేవో అడగండి, చాలా కథలు బయటకొస్తాయి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.